రెండో ఓకే

గుమ్మం దాకా కబుర్లాడుకుంటూ వచ్చిన మనిషి కూడా స్టూడియోలో స్టూలెక్కి కూర్చోగానే బిగుసుకుపోతాడు. మెడ కొయ్యబారుతుంది. పెదవులు అతుక్కుపోతాయి. పాఠం మర్చిపోయి మాస్టారి ముందు నిలబడ్డవాడిలా కళ్ళు పెద్దవి చేసి చూస్తాడు. ఎంత గొప్పవాడికైనా ఇదే గతి. ఆ మొహాన్ని ఫోటో తీస్తే కార్డులకీ దరఖాస్తులకీ పనికొస్తుంది గానీ, ఇంట్లోవాళ్ళు చూసుకోవడానికి పనికిరాదు.

మన ఫోటోగ్రాఫరు ఈ సంగతి ఇరవై రెండో ఏటే గ్రహించాడు. గ్రహించి ఊరుకోకుండా దానికో ఉపాయం కనిపెట్టాడు. ముందు మామూలుగా ఒక ఫోటో తీస్తాడు. "ఓకే" అంటాడు. ఆ మాట చెవిన పడగానే స్టూలు మీది మనిషి గట్టిగా ఊపిరి వదులుతాడు. భుజాలు దిగుతాయి. హమ్మయ్య అయిపోయింది అనుకుని, తోడొచ్చినవాళ్ళ వైపు తిరిగి నవ్వుతాడు. సరిగ్గా అప్పుడు ఆయన వేలు రెండోసారి నొక్కుతుంది. ఆ తర్వాత మళ్ళీ "ఓకే" అంటాడు. ఆ రెండో ఓకే అంటే ఇక దిగి వెళ్ళొచ్చని.

మోసమే అనండి, తప్పులేదు. కానీ రెండు ఫోటోలూ బల్ల మీద పెట్టి ఏది కావాలంటే, వందలో తొంభైమంది రెండోదే ఎంచుకునేవాళ్ళు. ఒకసారి ఒక పెద్ద పోలీసు అధికారి మీసం దువ్వుకుని వచ్చి కూర్చున్నాడు. మొదటి ఫోటోలో ఆయన్ని చూస్తే దొంగలేం ఖర్మ, దారినపోయేవాళ్ళు కూడా పారిపోతారు. రెండో ఫోటోలో మీసం కింద నుంచి చిన్నపిల్లాడి నవ్వొకటి బయటపడింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "ఇది మా అమ్మకి పంపిస్తాను, ఆఫీసులో చూపించకండి" అని జేబులో దాచుకున్నాడు. అలా ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద మన ఫోటోగ్రాఫరు తీసిన రెండో ఫోటోలే ఉన్నాయి. ఆయన అసలు పేరు బోర్డు మీద రంగుతో పాటే వెలిసిపోయింది. అందరికీ ఆయన ఓకే గారు.

ఇన్ని మొహాలు పట్టుకున్న ఓకే గారికి, భార్య పోయి మూడు నెలలైనా, ఆవిడ ఫోటో ఒక్కటి దొరకలేదు. దొరకకపోవడమంటే అసలు లేకపోవడం కాదు. ముప్పై ఏడు ఉన్నాయి. స్టూడియోలో ఇనప బీరువా, ఇంట్లో అటక, పాత అట్టపెట్టెలు, అన్నీ గాలించి ఆయనే లెక్కపెట్టాడు. ముప్పై ఏడింటిలోనూ ఒకే మొహం. బిగించిన దవడ, నిటారుగా మెడ, నాకేం తెలియదన్నట్టు చూపు. ఆ మొహం ఆవిడది కాదు. ఆవిడ అలా ఉండేది కాదు. కానీ కళ్ళు మూసుకుంటే ఆయనకి కూడా ఆ మొహమే వస్తోంది. అసలు మొహం ఎలా ఉండేదో రోజురోజుకీ జారిపోతోంది. అదీ ఆయన భయం.

ఆ ముప్పై ఏడు అలా తయారవడానికి కారణం ఆవిడ పట్టుదల, ఈయన నిర్వాకం, రెండూ ఉన్నాయి.

ఆవిడ మొదట ఆ స్టూడియోకి వచ్చింది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి. అద్దం దగ్గర దారం కట్టి వేలాడదీసిన దువ్వెనని చూసి, దాన్ని ముట్టుకోకుండా సంచిలోంచి తన దువ్వెన తీసుకుంది. స్టూలు ఎత్తు తనే తిప్పుకుంది. ఒకటి తీశాడు. ఓకే అన్నాడు. ఆవిడ ఊపిరి వదలబోయి, కెమెరా వెనక నుంచి ఇంకా బయటికి రాని ఆయన తలని చూసి, మళ్ళీ బిగుసుకుంది. రెండో క్లిక్కుకి దొరికింది మొదటి మొహమే.

"ఓకే అన్నారుగా, మళ్ళీ ఎందుకు తీశారు?" అంది.

"మొదటిది సరిగా వచ్చిందో లేదోనని" అన్నాడు.

"సరిగా వచ్చిందో లేదో తెలియకుండానే ఓకే అన్నారా?"

అంతకుముందు అయిదేళ్ళలో ఆ మాట అడిగిన మనిషి లేదు. మూడో రోజు ఫోటోలు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆయనే నిజం ఒప్పేసుకున్నాడు. ఆవిడ నవ్వింది, కెమెరా లేనప్పుడు. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది.

పెళ్ళయ్యాక అదొక ఆట అయిపోయింది. కొత్త లైటు వచ్చినా, కొత్త తెర కట్టినా ముందు భార్యనే కూర్చోబెట్టేవాడు. ఓకే అనేవాడు. ఆవిడ బొమ్మలా కూర్చునేది. నిమిషమైనా కదిలేది కాదు. ఈయన వేలు పెట్టుకుని కాచుకుని, కాచుకుని, చివరికి విసిగిపోయి నొక్కేవాడు. "ఫిల్ము దండగ. నా దగ్గర మీ పప్పులుడకవు" అని ఆవిడ స్టూలు దిగేది. దిగాక నవ్వేది. ఎప్పుడో ఒకరోజు దొరక్కపోదా అని ఆయన ధీమా. కళ్ళెదుట తిరిగే మనిషి, ఎక్కడికి పోతుంది అనుకున్నాడు.

ఆయన చూపుతో బతికే మనిషైతే, ఆవిడ చెవితో బతికే మనిషి. ఎక్స్ఛేంజిలో తలకి ఇయర్‌ఫోన్ తగిలించుకుని రోజుకి కొన్ని వందల గొంతులు కలిపేది. ఎవరేదడిగినా ఈయన ఓకే అంటాడని, ఆ ఓకేలన్నిటికీ ఆవిడ రకాలు కట్టింది.

"మీకు పదకొండు ఓకేలున్నాయి" అంది ఒకసారి, కూతురు వింటుండగా. "సాగదీసి ఓ...కే అన్నారంటే ఆ పని జరగదు. ముక్కలా కట్ చేసి అన్నారంటే కోపమొచ్చింది. ఓకే ఓకే అని రెండుసార్లంటే నేను చెప్పింది వినలేదు. ఓకే మరి అంటే అవతలివాళ్ళు ఎప్పుడు ఫోన్ పెట్టేస్తారా అని. చివర లేపి ఓకే? అంటే భయం."

"ఇంకా ఆరున్నాయి" అంది పిల్ల, వేళ్ళు మడుస్తూ.

"లైటు కుదిరినప్పుడు మీ నాన్న లోపల్లోపల ఒకటంటారు. అది ఎవరికీ చెప్పరు, ఆయనకి ఆయనే చెప్పుకుంటారు. నాకు అదిష్టం."

ఓకే గారు కొట్టిపారేశాడు గానీ, ఆ తర్వాత చాలా రోజులు ఓకే అన్నప్పుడల్లా ఇది ఎన్నోది అని తనలో తనే తడుముకున్నాడు. ఆవిడ చెవి అలాంటిది. ఎక్స్ఛేంజిలో ఒకసారి, దూరపు ఊరి నుంచి ఎవరో ఒకాయనకి తల్లి పోయిందని కబురు చెప్పారట. ఆయన అవతల నుంచి ఒక్కమాట "ఓకే" అని ఊరుకున్నాడట. కబురు చెప్పినవాళ్ళు పెట్టేశారు. కబురు విన్నాయన పెట్టలేదు. సమయం అయిపోయింది, లైను తీసెయ్యాలి. ఆవిడ తియ్యలేదు. అటు నుంచి ఊపిరి వినబడినంతసేపూ, తనూ ఏం మాట్లాడకుండా, లైను అలాగే ఉంచింది. మర్నాడు మెమో ఇచ్చారు. "ఆ ఓకే విని ఎలా తీసేస్తానండీ" అని ఇంటికొచ్చి అంది. మెమో వచ్చిందన్న బాధ ఆవిడ మొహంలో లేదు. ఆ మొహం ఫోటో కూడా లేదు.

ఇక నిర్వాకం సంగతి. పిల్లకి పదకొండేళ్ళప్పుడు ఆవిడ అన్నయ్య పోయాడు. తండ్రి తర్వాత తండ్రిలాంటివాడు. ఆవిడ అక్కడ అయిదు రోజులుండి వచ్చింది. వచ్చిన రోజే ఆఫీసులో కొత్త గుర్తింపు కార్డులకి ఫోటో ఇవ్వాల్సిన గడువు. బస్సు దిగి సంచితో సహా నేరుగా స్టూడియోకి వచ్చింది. ఏం మాట్లాడకుండా స్టూలెక్కింది. ఎప్పటిలాగే బిగించుకుని కూర్చుంది. ఆయన తీశాడు. ఓకే అన్నాడు.

అన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ వదులైంది. కానీ బయటికి వచ్చింది నవ్వు కాదు. అయిదు రోజులు నలుగురి ముందు ఆపుకున్నదంతా ఒక్కసారి మొహంలోకి వచ్చేసింది. ఆయన వేలు నొక్కేసింది. కావాలని కాదు, అలవాటు. ఆ తర్వాత పరిగెత్తుకెళ్ళి పట్టుకున్నాడు, నీళ్ళిచ్చాడు, ఇంటికి తీసుకెళ్ళాడు, అదంతా నిజమే. కానీ మర్నాడు చీకటిగదిలో, ట్రేలో నీళ్ళ కింద ఆ మొహం మెల్లగా తేలుతుంటే, తను మొగుణ్ణన్న సంగతి మర్చిపోయి ఫోటోగ్రాఫరైపోయాడు. తన జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు. వెర్రిమనిషి, దాన్ని పెద్దది చేసి, చేతులు తుడుచుకుని, ఇంటికి పట్టుకెళ్ళి, "చూడు ఎలా వచ్చిందో" అని ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ చూసింది. నాలుగు ముక్కలు చేసింది. తొమ్మిది రోజులు ఆయనతో ఉలుకూ పలుకూ లేదు. పదో రోజు కూతురు బడికి వెళ్ళాక నోరు విప్పింది.

"మీకది మంచి ఫోటో. నాకది మా అన్నయ్య" అంది.

ఆయన ఆ పూటే నెగెటివ్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "నీకు ఇంకెప్పుడూ రెండోది తీయను. నువ్వెలా ఉన్నా సరే, ఓకే అన్నానంటే ఓకేనే" అని మాటిచ్చాడు. ఆవిడ కత్తెరతో నెగెటివ్ కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. ఆ మీదట ఇరవై ఒక్క ఏళ్ళు, ఎప్పుడు కూర్చోబెట్టినా ఒక్కటే క్లిక్కు. ఆట ఆగిపోయింది. ఇద్దరూ దాని ఊసెత్తలేదు. ఫిల్ము పోయి కంప్యూటర్లు వచ్చాయి, ఎన్ని తీసినా ఖర్చులేని రోజులొచ్చాయి. ఊరందరికీ పదేసి తీసేవాడు. భార్యకి మాత్రం ఒక్కటే. మాట తప్పని మనిషినని ఆయనకి లోలోపల గర్వంగా కూడా ఉండేది.

ఆవిడ గుండెలో కవాటం పాడైందని తేలాక, ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. దానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, ఒక మంగళవారం ఉదయం పదింటికి ఆవిడ స్టూడియోకి నడిచి వచ్చింది. రెండు చోట్ల ఆగి ఆగి వచ్చి ఉంటుంది, గుమ్మంలో చేరగిలబడి నిలబడింది. భుజాల మీద ముదురు నీలం శాలువా. ఎక్కడికైనా ముఖ్యమైన చోటికి వెళ్ళేటప్పుడు మాత్రమే పెట్టెలోంచి తీసే శాలువా అది. జుట్టు నున్నగా దువ్వి ఉంది.

"ఇంత దూరం నడిచొచ్చావేంటి? ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా."

"ఆసుపత్రి కార్డుకి ఫోటో కావాలట."

"ఇంట్లో బోలెడున్నాయిగా."

"కొత్తదే కావాలట. తీయండి."

ఆవిడ స్టూలెక్కింది. ఎత్తు సరిచేసుకోవడానికి వంగబోతే ఆయనే వెళ్ళి తిప్పాడు. లైట్లు వేశాడు. చెంపలు పీక్కుపోయాయి, నీడ ఎక్కువ పడుతోందని ఒక లైటు కిందికి దించాడు. కార్డుకే కదా, ఎక్కువ హంగులెందుకు, మనిషికి ఆయాసం అనుకుని గబగబా తీశాడు. "ఓకే" అన్నాడు.

ఆవిడ భుజాలు దిగాయి. ఏదో నవ్వింది కూడా. కానీ ఆయన మనసు నవ్వు మీద లేదు, వేలు మీద ఉంది. వేలు అలవాటు చొప్పున బటన్ మీదికి పోతోంది. నాలుగు ముక్కలైన ఫోటో కళ్ళ ముందు మెదిలింది. ఇలాంటి సమయంలో, ఇంత జబ్బు మనిషిని, మళ్ళీ అదే పాడుపని చేస్తానా అని తనని తాను తిట్టుకున్నాడు. వేలు తీసేశాడు. చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు.

ఆవిడ ఇంకా స్టూలు మీదే ఉంది. దిగలేకపోతోందేమో, అలసిపోయిందేమో అనుకున్నాడు. కాసేపు చూసింది.

"అంతేనా?" అంది.

"అంతే. ఓకే" అన్నాడు.

"ఓకే" అంది ఆవిడా. మెల్లగా దిగింది. శాలువా మడిచి చేతి మీద వేసుకుంది. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, ఆయన్ని కాదు, కెమెరాని చూసింది. వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఆయన కౌంటర్లో నాలుగు ఫోటోలు ఇవ్వబోతే, లోపలున్నామె తలెత్తకుండానే "ఫోటోలు అక్కర్లేదండీ" అంది. అక్కడి గందరగోళంలో ఎవరో తప్పు చెప్పి ఉంటారులే అనుకుని కవరు జేబులో పెట్టుకున్నాడు. ఆపరేషన్ జరిగింది. మూడో రోజు ఆవిడ పోయింది. కవరు ఆ చొక్కా జేబులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆయనకి ఆవిడ గొంతు బాగా గుర్తుంది, నడక గుర్తుంది, దగ్గు కూడా గుర్తుంది. మొహమే నిలవడం లేదు. ఊరందరి ఇళ్ళలోనూ పోయినవాళ్ళు గోడ మీద నవ్వుతూ ఉన్నారు, తన పుణ్యాన. తన గోడ మీద మేకు కొట్టి మూడు నెలలైంది, దానికి తగిలించడానికి ఏమీ లేదు. ఇంకో బాధ కూడా ఉంది. స్టూలు దిగుతూ ఆవిడ అన్న ఆ ఓకే. అది ఆయనకి స్పష్టంగా వినబడుతూనే ఉంది. అది ఏ రకం ఓకేనో మాత్రం తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడే లేదు.

కూతురు పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. రెండు వీధుల అవతలే ఇల్లు. రోజూ పొద్దున వెళుతూ వచ్చి తండ్రిని పలకరించి వెళుతుంది, ఆదివారాలు మధ్యాహ్నం దాకా ఉంటుంది. మూడు నెలలూ ఆ పిల్ల ఫోటో మాటెత్తలేదు. మేకుని చూసేది, ఊరుకునేది. ఆయన పెట్టెలు దించడం, మళ్ళీ ఎక్కించడం చూసేది, ఊరుకునేది.

ఆ ఆదివారం మాత్రం, తల్లి బీరువాలో బట్టలు సర్దుతూ నీలం శాలువా చేతికి రాగానే ఆగిపోయింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాన్నా, నేనింక అడక్కుండా ఉండలేను. రెండోది నాకో కాపీ ఇవ్వు."

"ఏ రెండోది?"

"అమ్మది. ఈ శాలువాతో తీయించుకున్నది. నీ ఒక్కడి దగ్గరే ఉంచుకోవాలనుకుంటున్నావేమో, చూసుకోనీలే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నా. గోడకి పెట్టకపోతే పోనీ. నాకొక చిన్నదిస్తే చాలు."

ఆయనకేం అర్థం కాలేదు. "అది కార్డుకి తీసిందమ్మా. ఒక్కటే తీశాను. చూపిస్తా రా" అన్నాడు.

ఇద్దరూ స్టూడియోకి నడిచారు. ఆదివారం కాబట్టి షట్టరు సగమే ఎత్తి లోపలికి వంగి వెళ్ళారు. ఆయన కంప్యూటర్ పెట్టి ఆ మంగళవారం తీసినవన్నీ వరసగా తెరిచాడు. నాలుగువేల నాలుగు వందల పదిహేడో నంబరు. నీలం శాలువా, బిగించిన దవడ, నిటారుగా మెడ. కూతురు దాన్ని చూసి, "ఇది మొదటిది. తర్వాతది చూపించు" అంది. ఆయన తర్వాతది నొక్కాడు. ఎవరో కాలేజీ కుర్రాడు. వెనక్కి నొక్కాడు. నీలం శాలువా. మళ్ళీ ముందుకి నొక్కాడు. కాలేజీ కుర్రాడు.

"చెరిపేశావా?" అంది.

"తీస్తే కదా చెరపడానికి. మీ అమ్మకి నేను రెండోది తీయను, నీకు తెలుసుగా. మాటిచ్చాను."

కూతురు తెర మీంచి తండ్రి వైపు తిరిగింది. తర్వాత మెల్లగా చెప్పింది, చెప్పకపోతే బాగుండునని తనకీ తెలుసన్నట్టుగా.

"ముందురోజు సాయంత్రం నాచేత తల దువ్వించుకుంది నాన్నా. రేపు మీ నాన్న దగ్గరికెళ్ళి కూర్చుంటా అంది. ఎందుకమ్మా అంటే, ఓకే అనగానే ఈసారి నవ్వేస్తా, పాపం ఇన్నేళ్ళు ఏడిపించాను, ఒక్కటి తీసుకోనీ అంది. ఆపరేషన్ ఎలా అవుతుందో ఏమో, మీ నాన్న దగ్గర నా మొహం ఒక్కటైనా ఉండొద్దా అంది. నువ్వు నొక్కేదాకా దిగనంది."

"ఆసుపత్రి కార్డుకి అని చెప్పింది" అన్నాడు ఆయన.

"నిజం చెబితే నువ్వు తియ్యగలిగేవాడివా?"

ఆయన కుర్చీలో కూర్చోవడం కూడా మర్చిపోయి, కెమెరా స్టాండుని పట్టుకుని నిలబడ్డాడు. కౌంటర్లో ఆమె ఫోటోలు అక్కర్లేదన్నది గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర భార్య ఆగి కెమెరాని చూడటం గుర్తొచ్చింది. అంతేనా అని అడగటం గుర్తొచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు తను మాట నిలబెట్టుకుంటూ వచ్చాడు. దాని మీద గర్వపడ్డాడు కూడా. మాట తీసుకున్న మనిషే వచ్చి ఎదురుగా కూర్చుని, నీ మాట నీకు వదిలేశాను పట్టుకో అంటే, తను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

కూతురికి కోపం వస్తుందేమో అనుకున్నాడు. రాలేదు. వచ్చినా బాగుండేది. ఆ పిల్ల లేచి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. తల్లికోసం తిప్పిన ఎత్తు ఆ తర్వాత ఎంతమంది తిప్పారో ఏమో, ఇప్పుడు ఎక్కువైంది. కాళ్ళు నేలకి ఆనలేదు.

"తీయలేదు సరే. చూశావా మరి?" అంది.

"చూశాను."

"అయితే చెప్పు. ఎలా నవ్వింది?"

చెప్పడం ఆయనకి చేతకాదు. జన్మంతా చూపించడమే గానీ చెప్పింది లేదు. కెమెరా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు, ఆరోజు నిలబడ్డ చోటే. నేల మీద స్టాండుకోసం రంగుతో వేసిన మూడు గుర్తుల దగ్గర. ఎదురుగా కూతురు, వెనక అదే బూడిదరంగు తెర. కళ్ళు మూసుకుంటే మళ్ళీ కార్డు మొహం వస్తుందేమోనని భయపడుతూనే మూసుకున్నాడు.

"ముందు కుడి భుజం దిగింది" అన్నాడు. "తర్వాత ఎడమది. బస్తా దింపినట్టు కాదు. చంటిపిల్లని పక్కలో పడుకోబెట్టాక భుజాలు దించుతారు చూడు, అలా. దవడ దగ్గర కండ ఉండేదిగా, అది ముందు వదిలింది. పెదవులు వెంటనే విడలేదు. ఎడమవైపు కొంచెం పైకి లేచింది. అక్కడ చిన్న గీత పడింది. పై పన్నొకటి కొద్దిగా ముందుకుండేది కదా..."

"అవును."

"అది కింది పెదవి మీద ఆనింది. మీ అమ్మ నవ్వేముందు ఎప్పుడూ అంతే, ఆపుకోబోయి ఆపుకోలేక. ఆ తర్వాత కళ్ళు. ఎడమ కన్ను కుడిదానికన్నా ముందు నవ్వింది."

చెబుతుంటే వచ్చింది. మూడు నెలలుగా అటకలెక్కి పెట్టెలు దించి వెతికిన మొహం ముక్కముక్కగా వచ్చి కుదురుకుంది. ఆరోజు తను వేలు గురించి ఆలోచిస్తున్నా, కన్ను తన పని తను చేసుకుపోయింది, ఒక్క గీత వదలకుండా. ఆయనకి ఎంత సంతోషమేసిందంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు మీదే ఏడుపొచ్చింది. ఇది తన కంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. తనతోనే పోతుంది.

స్టూలు మీద కూతురు కూడా కళ్ళు మూసుకుని వింటోంది.

"నా వైపు చూడలేదు. లెన్సులోకి చూసింది. కెమెరా అంటే పడని మనిషి, సూటిగా అందులోకి చూసింది. అలాగే ఉంది. మొహం అలసిపోతోంది, చెంప కొంచెం వణికింది కూడా, అయినా నవ్వు వదల్లేదు."

"ఎంతసేపు?"

"చాలాసేపు. ఎవరూ అంతసేపు ఉండరు."

"తర్వాత?"

ఓకే గారు కళ్ళు తెరిచి, బటన్ మీదున్న తన వేలిని చూసుకున్నాడు.

"తర్వాత నేను రెండో ఓకే చెప్పేశానమ్మా. దిగి వెళ్ళిపోయింది."